తెలుగు దారికి పడమట

9, 10 శతాబ్దాల్లో బాణరాజులు ఏలిన సీమ ఎక్కడుందో చెప్పాల్సి వచ్చినప్పుడు శాసనకర్తలు కొండ పేరు ఎత్తలేదు, ఏటి పేరు ఎత్తలేదు. ఒక దారి పేరు చెప్పారు. వాణియంబాడి దగ్గరి ఉదయేంద్రంలో దొరికిన రాగిరేకుల సంస్కృతంలో ఆ సీమ ఆంధ్రపథానికి పడమటి నేల. రేణిగుంట దగ్గరి గుడిమల్లం రాళ్ళ మీద తమిళంలో అదే మాట 'వడుగవళి మేర్కు' అయింది. వడుగులంటే తెలుగువాళ్ళు, వళి అంటే దారి, మేర్కు అంటే పడమర. తెలుగు దారికి పడమట ఉన్న ఆ నేలే నేటి పుంగనూరు, పలమనేరు, చిత్తూరు, గుడియాత్తం, వేలూరు ప్రాంతాలు. ఇప్పుడు ఆదివారం తెల్లవారుజామున వేలూరు నుంచి సైకిళ్ళు బయలుదేరేది ఈ నేల మీదికే. విరించిపురం మీదుగా పళ్ళికొండకు పాలారు ఒడ్డు దారి, జవ్వాది కొండల అంచున అమిర్తి అడవికి పోయే దారి, గుడియాత్తం నుంచి మోర్దానా జలాశయానికి దారి, పరదరామి మీదుగా చిత్తూరు దారి, సైనగుంట మీదుగా పలమనేరు దారి. ఊరికి గంట, గంటన్నర దూరంలో ఇంత అందమైన దారులు ఉండడం ప్రకృతి ఇచ్చిన వరమని అందరూ అనుకుంటారు. కొండలూ ఏరూ ప్రకృతివే, కాదనను. ఆ దారుల అందం మాత్రం మనుషులు చేసింది. బరువు మోసే ఎద్దు నడకకూ, మూట నెత్తిన పెట్టుకున్న మనిషి అలసటకూ సరిపడేట్టు కొన్ని వందల ఏళ్ళపాటు అమర్చుకుంటూ వచ్చిన అందం అది. సైకిల్ వేగానికి అది ఇంత బాగా ఒదగడానికి కారణం కూడా అదే.

దీనికి పండితులు చెప్పగల మొదటి అభ్యంతరం గట్టిదే. పథం అంటే దారి ఒక్కటే కాదు, దేశం అని కూడా అర్థం ఉంది. పల్లవ శివస్కందవర్మ మైదవోలు ప్రాకృత శాసనంలో అంధాపథం అంటే ధాన్యకటకం చుట్టూ ఉన్న ఆంధ్రదేశమే, ఏదో ఒక బాట కాదు. కాబట్టి బాణుల శాసనాల్లోనూ 'ఆంధ్రదేశానికి పడమర' అని చదివితే సరిపోతుంది కదా, దారి మాట ఎందుకు? అలా చదివినా నష్టం లేదు, కానీ రెండు సంగతులకు జవాబు చెప్పుకోవాలి. తమిళంలో రాసినవాడికి దేశాన్ని చెప్పడానికి నాడు ఉంది, పాడి ఉంది, మండలం ఉంది. బాణుల సీమనే పెరుంబాణప్పాడి అన్నారు. అంతటి పదసంపద చేతిలో ఉండగా అతను వళి అన్న మాట ఎంచుకున్నాడు. ఆ మాటకు ముందు గుర్తొచ్చేది కాళ్ళ కింది బాటే. రెండోది, ఒక దేశానికి దారి పేరు రావడమే ఆ దేశాన్ని బయటివాళ్ళు ఎలా ఎరిగారో చెబుతుంది. కంచి నుంచి ఉత్తరానికి పోయేవాడికి తెలుగునాడు మొదట ఒక దారిగానే ఎదురయ్యింది. గుడిమల్లం కూడా పడమటి నేలలోకే వచ్చిందంటే ఆ పెద్దదారి ఇంకా తూర్పుగా, కాళహస్తి వైపుగా సాగి ఉండాలన్నది న్యాయమైన ఊహ. అప్పుడు వేలూరు, గుడియాత్తం దారులు పెద్దదారి కావు, దానికి పడమటి కొండల నుంచి వచ్చి కలిసే పాయలు. ఏరు ఎంత పెద్దదైనా దానికి నీళ్ళిచ్చేది వాగులే. నా దృష్టి ఆ వాగుల మీద.

ఈ పాయలు ఎందుకు పుట్టాయో నేల వాలు చూస్తే తెలుస్తుంది. వేలూరు సముద్రమట్టానికి సుమారు 215 మీటర్ల ఎత్తులో ఉంది, గుడియాత్తం సుమారు 300 మీటర్లు. అక్కడి నుంచి వాయవ్యంగా కొండ ఎక్కితే పలమనేరు 680 మీటర్ల పైమాట, ఇంకా పడమటికి పోతే బెంగళూరు 900 దాటుతుంది. అంటే గుడియాత్తం మైసూరు పీఠభూమి అరుగు కింద మెట్టు లాంటి ఊరు. పైన పలమనేరు అడవుల్లో పుట్టిన కౌండిన్య నది ఈ అరుగు దిగి మోర్దానా దగ్గర మైదానం చేరి, గుడియాత్తం నడిబొడ్డున పారి పాలారులో కలుస్తుంది. నీళ్ళు దిగినచోటే మనుషులూ దిగారు. ఉత్తరాన మొగిలి కనుమ, నడుమ సైనగుంట, దక్షిణాన పేర్ణాంబట్టు నుంచి వి.కోటకు ఎక్కే కనుమ, ఆంబూరు పైన నాయకనేరి. ఒకే అరుగు ఎక్కడానికి నాలుగు మెట్ల వరసలు. ఈ కనుమల్లో బండి కన్నా ముందు నడిచింది పెరిక ఎద్దు. వీపు మీద రెండు పక్కలా కంట్లం వేలాడేసుకుని నూరు కిలోలకు పైగా బరువుతో, బిడారులో వందల ఎద్దుల మధ్య ఒకటిగా నడిచేది. ఎద్దుకు బాట వెడల్పు అక్కర్లేదు, కాలు ఆనితే చాలు. అందుకే పాత ఎద్దుబాటలు కొండను నిటారుగా ఎక్కుతాయి. బండి అలా ఎక్కలేదు, దానికి మెల్లని వాలు కావాలి, వాలు కోసం మలుపులు కావాలి. ఇవాళ కనుమ దారిలో సైకిల్ తొక్కేవాడు మలుపు దగ్గర ఊపిరి పీల్చుకుంటున్నాడంటే, జోడెడ్ల ఊపిరి కోసం కొలిచి వేసిన మలుపు అది. పక్కన రాళ్ళ మీదుగా నిట్టనిలువుగా పైకి పోయే కాలిబాట కనిపిస్తే, అది అంతకన్నా పాతది.

ఆ ఎద్దుల మీద ఏం పోయేదో కూడా తెలుసు. కోస్తా ఉప్పు పైకి పోయేది, పాలారు కింద పండిన వడ్లు పోయేవి. పై నుంచి చింతపండు, బెల్లం, రాగులు, అడవి సరుకులు దిగేవి. పడమటి కనుమల మిరియాలు కంచికి ఈ దారిన పోయేవన్న జ్ఞాపకాన్ని ఒక గుడి ఇప్పటికీ నిలుపుకుంది. వేలూరికి పడమట, సైకిల్ మీద గంటలోపు చేరగల విరించిపురంలో శివుడి పేరు మార్గబంధు, తమిళంలో మార్గబందీశ్వరర్. దారికి చుట్టమైన దేవుడు. స్థలపురాణం ప్రకారం మిరియాల బస్తాలతో కంచికి పోతున్న ఒక వర్తకుడు దొంగల భయంతో ఇక్కడ మొక్కుకున్నాడట, శివుడే ఆయుధం పట్టి గుర్రమెక్కి కంచిదాకా తోడు నడిచాడట. అప్పయ్య దీక్షితుల పేర ప్రసిద్ధమైన మార్గబంధు స్తోత్రం ఈ స్వామి మీదిదే, ఇప్పటికీ ప్రయాణం ముందు దాన్ని చదువుకునే ఇళ్ళు ఉన్నాయి. దీక్షితులను ఆదరించిన వేలూరు ప్రభువు చిన్నబొమ్మ నాయకుడు. వేలూరు కోట కట్టింది బొమ్మిరెడ్డి అనీ, ఆ వంశం భద్రాచలం వైపు నుంచి వచ్చిందనీ ఈ ప్రాంతపు ఐతిహ్యం. అంటే కోట కథ కూడా ఉత్తరం నుంచి దిగివచ్చిన మనుషుల కథగానే చెప్పుకున్నారు. స్థలపురాణాన్ని చరిత్రగా తీసుకోవచ్చా అంటే, వర్తకుడి పేరూ ఊరూ విషయంలో తీసుకోలేం. కానీ భక్తులు తమ దేవుడికి ఏ పని అప్పగించారో అది మాత్రం చరిత్రే. వాన కురిపించమనో, బిడ్డల్నిమ్మనో ప్రతి ఊళ్ళో అడుగుతారు. విరించిపురంలోనూ తమిళుల కార్తిగై నెల చివరి ఆదివారం సింహం నోరున్న కోనేట్లో మునిగి బిడ్డల కోసం మొక్కుతారు. మిరియాల బస్తాలకు కాపలా నడవమని అడగాలంటే మాత్రం ఆ ఊరు బస్తాలు పోయే దారి మీద ఉండితీరాలి.

ఆ గుడి ప్రాకారంలో ఒక రాయి ఉంది. నిలువు రాతి పలక మీద అర్ధచంద్రాకారం చెక్కి, నడిమి నుంచి అంచుకు గీతలు గీసి, గీతల చివర అంకెలు వేశారు. పైన నడుమ ఉన్న సందులో ఒక పుల్ల ఉంచితే దాని నీడ ఏ గీత మీద పడిందో అదే పొద్దు. తమిళంలో దాన్ని 'కాలం చూపే రాయి' అంటారు. గుళ్ళో పూజ వేళలకు అది కావాలి, నిజమే. కానీ గుడి నుంచి బయలుదేరి చీకటి పడకముందే తర్వాతి మజిలీ చేరాల్సినవాడికి అంతకన్నా ఎక్కువ కావాలి. ఈ ఊరి పక్కనే పొయిగైలో మంగళవారం మంగళవారం పశువుల సంత జరుగుతుంది. చిత్తూరు వైపు నుంచీ, కర్ణాటక వైపు నుంచీ ఆవులూ ఎద్దులూ అక్కడికి వస్తాయి. ఇప్పుడు లారీల్లో దిగుతాయి, ఒకప్పుడు కనుమలు దిగి నడిచి వచ్చాయి. దారి దేవుడు, పొద్దు చూపే రాయి, పశువుల సంత ఒకదానికొకటి కూతవేటు దూరంలో ఉండడం యాదృచ్ఛికమని నేను నమ్మను. ఒక మజిలీ ఊరికి ఉండాల్సిన సరంజామా అది.

దారులు సరుకులకే కాదు, సేనలకూ కావాలి. 18వ శతాబ్దపు యుద్ధాల్లో ఈ మెట్ల వరసల పేర్లు మళ్ళీ మళ్ళీ వినిపిస్తాయి. 1749లో ఆర్కాటు నవాబు అన్వరుద్దీన్ ఖాన్ ఆంబూరు దగ్గర పోరులో చనిపోయాడు. 1780లో హైదర్ అలీ చెంగం కనుమ గుండా ఆర్కాటు నవాబు ఏలిన కర్ణాటకం మీదికి దిగాడు. నా వాదానికి వీటన్నిటికన్నా పనికొచ్చేది 1791 ఫిబ్రవరి ఘటన. మైసూరు టిప్పు సుల్తాను మీదికి బెంగళూరు ఎక్కదలచిన ఇంగ్లీషు సేనాధిపతి కారన్‌వాలిస్ సేన వేలూరు చేరింది. ఆంబూరు కనుమల వైపు పోతున్నట్టు కొంత దండును పంపించి, టిప్పు చూపు అటు మళ్ళించి, అసలు సేనను ఉత్తరాన చిత్తూరుకు తిప్పి మొగిలి కనుమ ఎక్కించాడు. మార్చి 21న బెంగళూరు కోట పడింది. ఒక కనుమ చూపించి ఇంకో కనుమ ఎక్కాలంటే రెండూ ఫిరంగులు లాగే ఎద్దులకు పనికొచ్చేవిగా ఉండాలి, రెండూ శత్రువుకు తెలిసినవిగా ఉండాలి. అంటే అప్పటికే ఈ అరుగు మీదికి ఒక్క రాచబాట కాదు, దారుల వల ఉంది. అదే సేన కొద్ది నెలలకే పశువులు చచ్చి, తిండి లేక వెనుదిరిగింది. తర్వాత దాన్ని నిలబెట్టింది లంబాడీల బిడార్లు. 1799లో హారిస్ నడిపిన ఇంగ్లీషు సేన వేలూరు నుంచి ఆంబూరు మీదుగా శ్రీరంగపట్నానికి సాగినప్పుడూ వెనక నడిచింది ఆ ఎద్దులే. సేనాధిపతుల విగ్రహాలు నగరాల్లో ఉన్నాయి, బిడార్లు నడిపినవాళ్ళకు ఆ బాటలే మిగిలాయి.

ఇక్కడ ఒకరు అడగవచ్చు: రక్తం, కరువు, దోపిడీ నడిచిన దారుల్ని అందమైనవనడం తగునా? అడగవలసిన ప్రశ్నే. అందుకే ఆ అందం ఏ ఏ ముక్కలతో తయారైందో దగ్గరగా చూడాలి. ఈ ప్రాంతపు పాత దారుల పక్కన అక్కడక్కడా నిలువుగా పాతిన రెండు రాళ్ళూ, వాటి మీద అడ్డంగా పరిచిన ఒక బండా కనిపిస్తాయి. తమిళంలో దాన్ని సుమైతాంగి అంటారు, బరువు పట్టేది అని. బండ ఎత్తు మనిషి భుజాల మట్టానికి ఉంటుంది. నెత్తి మీద మూటతో ఒంటరిగా పోయేవాడు అలసిపోతే మూట కిందికి దించగలడు గానీ, మళ్ళీ ఎత్తుకోవడానికి ఇంకొకరి చెయ్యి కావాలి. ఈ దింపుడుబండ ఆ చెయ్యి. దాని దగ్గర నిలబడి మూటను నెత్తి మీది నుంచి పక్కకు జరిపితే చాలు, మళ్ళీ బయలుదేరేటప్పుడు తల వంచి కిందికి దూరితే చాలు. కడుపుతో ఉండి చనిపోయిన ఆడవాళ్ళ పేర ఇంటివాళ్ళు ఈ రాళ్ళు నిలిపేవారు. ఆమె దించుకోలేకపోయిన బరువుకు బదులు దారిన పోయేవాళ్ళ బరువు దిగాలని. ఒక సమాజం తన దుఃఖాన్ని దారి సౌకర్యంగా మార్చుకున్న తీరు ఇది. ఇంతకన్నా మంచి స్మారకం నాకు తెలియదు.

చెట్లూ అంతే, చెరువులూ అంతే. దారికి రెండు పక్కలా చింతచెట్ల వరసలు అడవి ఇచ్చినవి కావు. నీడ కోసం నాటించినవి, జిల్లా బోర్డులు లెక్కరాసి కాపాడినవి. చింతకాయల పాటకు వచ్చిన డబ్బు ప్రభుత్వానికి జమ అయ్యేది, ఇప్పటికీ రహదారి చెట్ల కాపుకు వేలం వేస్తూనే ఉన్నారు. ఏటా రాబడి ఇచ్చే చెట్టు కాబట్టి గొడ్డలి వేటు నుంచి చాలాకాలం తప్పించుకుంది. చెరువు కట్ట మీద సాగే దారి సైకిల్ వాళ్ళకు ఎంతో ఇష్టం. ఒక పక్క నీళ్ళు, ఒక పక్క పచ్చని మడులు, పైన గాలి. ఆ కట్ట మీదికి దారి ఎందుకు వచ్చింది? వానాకాలంలో పల్లం బురద అవుతుంది, మడుల మీదుగా నడిస్తే రైతు ఊరుకోడు. గట్టిగా, ఎత్తుగా, ఎవరి పొలమూ కాకుండా ఉన్నది కట్ట ఒక్కటే. పైగా నడిచే కాళ్ళు కట్టను దిమ్మిస కొట్టినట్టు గట్టిపరుస్తాయి, గండి పడే సూచన ముందుగా కనిపెట్టేదీ ఆ నడిచేవాళ్ళే. దారికి కట్ట అవసరం, కట్టకు దారి అవసరం. చరిత్ర అంతా యుద్ధాలూ కరువులేనని వాదించేవాళ్ళకు నా జవాబు ఇదే. ఈ దారుల్లో కనుమలు రాజులకు కావాల్సి వచ్చాయి గానీ, నీడా నీళ్ళూ దింపుడుబండా ఊళ్ళవాళ్ళు పెట్టినవి. మనం అందమంటున్నది ఆ రెండో భాగాన్ని.

ఇవి ఇంత నిశ్శబ్దంగా ఎలా మిగిలాయన్నది తర్వాతి ప్రశ్న. రైలు వల్ల. 1856లో మద్రాసు రాయపురం నుంచి ఆర్కాటు దగ్గరి వాలాజా రోడ్డుకు దక్షిణాదిలో తొలి రైలు నడిచింది. కొద్ది ఏళ్ళలోనే పట్టాలు పాలారు లోయ వెంబడి పడమటికి సాగాయి, 1864కు జోలార్‌పేట నుంచి బెంగళూరుకు కొమ్మ పడింది. రైలు కనుమలను దక్షిణంగా చుట్టుకుని పోయింది. గుడియాత్తానికి స్టేషన్ వచ్చింది గానీ ఊరికి దూరంగా వచ్చింది. 1891లో కాట్పాడి నుంచి చిత్తూరు, పాకాల మీదుగా ఇంకో పట్టా ఉత్తరానికి పోయింది. రెండు పట్టాల మధ్య చిక్కిన కనుమ దారుల సరుకు ఎండిపోయింది. ఈ మార్పులో అందరికన్నా నష్టపోయింది ఉప్పు మోసేవాళ్ళు. ఎరుకలవారు, లంబాడీలు ఎద్దుల మీద, గాడిదల మీద ఉప్పు పైకి చేర్చి ధాన్యం కిందికి తెచ్చి బతికేవారు. 1805 నుంచి ఉప్పు కుంఫిణీ గుత్తాధిపత్యం అయింది, తర్వాత రైలు వచ్చింది, 1876-78 కరువులో పశువులు చచ్చాయి. బతుకుతెరువు పోయాక ఊరూరా తిరిగినందుకు ఎరుకలవారిని నేరస్థుల తెగల చట్టం కింద అనుమానితులుగా నమోదు చేశారు, 1911లో ఆ చట్టం మద్రాసు రాజధానికి వర్తించింది. దారిని నడిపించినవాళ్ళకు దారిన పోవడమే నేరమైంది. ఈ దారుల ప్రశాంతతను మెచ్చుకునేటప్పుడు ఈ సంగతి మరిచిపోతే మన మెప్పుకు విలువ లేదు.

అదే 1911లో చిత్తూరు వేరే జిల్లా అయింది, అంతవరకూ చిత్తూరులో ఉన్న ఉత్తర ఆర్కాటు జిల్లా కచేరీ వేలూరికి వచ్చింది. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడడంతో జిల్లా గీత కాస్తా రాష్ట్ర సరిహద్దు అయింది, 1960లో ఆ సరిహద్దును మళ్ళీ సవరించారు. ఒకే సీమ పైమెట్టు ఒక రాష్ట్రానికి, కిందిమెట్టు ఇంకో రాష్ట్రానికి పోయాయి. సరిహద్దు దారి ఎవరికీ ముఖ్యమైన దారి కాదు. వెడల్పు చేయాలని ఏ పక్కా తొందరపడదు. మద్రాసు, బెంగళూరు లారీలు కృష్ణగిరి దారినో, చిత్తూరు-పలమనేరు దారినో పట్టాయి. ఒకటి హారిస్ సాగిన వైపు, ఒకటి కారన్‌వాలిస్ ఎక్కిన వైపు. పేర్ణాంబట్టు, వి.కోట కనుమ ఇటీవలి కాలంలోనే 75వ జాతీయ రహదారిలో భాగమైంది. మిగిలిన పాయలు పాత వెడల్పులోనే, పాత చెట్ల కిందే ఉండిపోయాయి.

ఉండిపోయిన ఆ దారిలోకి సైకిల్ వచ్చింది. రెండు చక్రాలూ దాదాపు ఒకే సైజులో, గొలుసుతో తిరిగే సైకిల్ ఇంగ్లండులో 1885లో తయారైంది, 1888లో దానికి గాలి టైరు దొరికింది. 1949లో మద్రాసు పక్కన అంబత్తూరులో టి.ఐ. సైకిల్స్ పెట్టాక అది ఈ ప్రాంతపు పల్లెలకు అందుబాటులోకి వచ్చింది. మొదట ఎవరూ దాన్ని అందం చూడ్డానికి తొక్కలేదు. గుడియాత్తం మగ్గాల ఊరు, లుంగీల ఊరు, అగ్గిపెట్టెల ఊరు, బీడీల ఊరు. నూలు నేతగాడి ఇంటికి చేరాలి, నేసిన లుంగీల కట్ట యజమాని ఇంటికి చేరాలి, చుట్టిన బీడీల బుట్ట లెక్కకు చేరాలి. ఇదంతా ఊరికీ పల్లెకూ మధ్య నాలుగైదు మైళ్ళ బేరం. వెనక క్యారియర్ మీద అడ్డంగా కట్టిన మూట, హ్యాండిల్‌కు రెండు పక్కలా వేలాడే సంచులు. కంట్లం వేసిన ఎద్దును చక్రాల మీద నిలబెట్టినట్టే ఉండేది. బరువు పంచిన తీరు అదే, పట్టే బాట వెడల్పు అదే, ఎత్తు వచ్చినప్పుడు దిగి పక్కన నడవడం కూడా అదే. సైకిల్ ఈ దారిలో కొత్త ప్రాణి కాదు, పెరిక ఎద్దుకు వారసురాలు. కాబట్టి రంగురంగుల హెల్మెట్లతో వచ్చే నేటి సైకిల్ వాళ్ళది పట్నపు సరదా అని కొట్టిపారేసేవాళ్ళతో నేను ఏకీభవించను. సరదా కొత్తదే కావచ్చు. కానీ చింతచెట్టు నుంచి చింతచెట్టుకు నీడ లెక్కపెట్టుకునేది, చెరువు కట్ట ఎక్కగానే గాలి మారడం గమనించేది, కనుమ మలుపు ఎందుకు అక్కడే ఉందో కండరాలతో తెలుసుకునేది కారులో పోయేవాడు కాదు. ఆ దారి రాసింది ఏ వేగం కోసమో ఆ వేగంలోనే దాన్ని చదవగలం.

అన్ని దారులూ బాగున్నాయని చెబితే అబద్ధమవుతుంది. పేర్ణాంబట్టు, ఆంబూరు, వాణియంబాడి, రాణిపేట తోళ్ళ పరిశ్రమల ఊళ్ళు. వాటి మురుగు పాలారునూ చుట్టూ బావులనూ పాడుచేసిన కేసులో 1996 ఆగస్టు 28న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు దేశపు పర్యావరణ న్యాయానికే పునాదిరాయి అయింది. పాడుచేసినవాడే నష్టం భరించాలన్న సూత్రం ఈ దేశపు చట్టంలో భాగంగా నిలిచింది. ఇసుక తవ్వకంతో గుంతలు పడ్డ ఏటి ఒడ్డున పోయే దారిని అందమైనదనడానికి మాట రాదు. ఇక మోర్దానా పైన, సైనగుంట పైన ఉన్నది ఏనుగుల అడవి. 1980లలో హోసూరు, ధర్మపురి అడవుల నుంచి ఏనుగులు చాలాకాలం తర్వాత ఈ కొండల్లోకి తిరిగి వచ్చాయి, 1990లో ఆంధ్ర వైపు కౌండిన్య అభయారణ్యం ఏర్పడింది. ఏనుగులు దిగేదీ ఏరు దిగిన దారినే, బిడార్లు దిగిన దారినే. ఆ అడవి ముక్కలో చీకటి వేళ సైకిల్‌కు చోటు లేదు, అటవీశాఖ ఆపితే ఆగడమే న్యాయం. పాత దారి మీద హక్కు మనకన్నా వాటిదే పాతది.

వీటిని విహార మార్గాలుగా తీర్చిదిద్దాలన్న మాట అప్పుడప్పుడూ వినిపిస్తుంటుంది. రంగుల ఇటుకలు, స్వాగత తోరణాలు, సెల్ఫీ దిమ్మెలు. మంచి ఉద్దేశమే కావచ్చు, కానీ దారికి కావాల్సింది అది కాదు. రోడ్డు వెడల్పు కోసం చింతచెట్టు కొట్టేముందు ఆ వెడల్పు ఎవరికి కావాలో అడగాలి. చెరువు కట్టకు గండి పడితే పూడ్చాలి. రోడ్డు పనికి వచ్చిన యంత్రం దింపుడుబండను పెకలించి మట్టిలో తోసెయ్యకుండా పక్కకు జరిపి నిలబెట్టాలి. వీటిలో ఏదీ పెద్ద ఖర్చు కాదు. ఈ పనులన్నీ ఒకప్పుడు ఊళ్ళు తమంతట తామే చేసుకున్నాయి, నష్టపోయిన ఇంటివాళ్ళు కూడా చేశారు.

ఇప్పటికీ ఈ దారుల్ని వాటి పాత పనికే వాడే మనుషులు ఉన్నారు. తమిళుల పురట్టాసి నెలలో, అంటే సెప్టెంబరు-అక్టోబరుల్లో, పసుపు బట్టలు కట్టుకున్న గుంపులు వేలూరు, గుడియాత్తం వైపుల నుంచి తిరుమలకు నడుస్తాయి. నెత్తిన చిన్న మూట, నోట గోవిందనామం, పగటి ఎండకు చెట్టు కింద పడక. కొందరు కాట్పాడి మీదుగా చిత్తూరు దారి పడతారు, కొందరు పరదరామి దారి. సరిహద్దు దాటాక బోర్డుల మీద అక్షరాలు మారతాయి, గోవింద మాత్రం మారదు. తెలుగు దారికి పడమటి నేల నుంచి తెలుగు దారి వైపు నడిచే ఆ గుంపులను తెల్లవారుజామున సైకిళ్ళు దాటుకుపోతాయి. ఎత్తు వచ్చినచోట మళ్ళీ ఇద్దరి వేగమూ ఒకటవుతుంది, కాసేపు పక్కపక్కన సాగుతారు.